చక్కెర డబ్బాకు తాళం

కంపెనీ క్యాంటీన్‌లో బల్లలన్నీ ఒక పక్కకు జరిపి హెల్త్ క్యాంపు పెట్టారు. నాగేశ్వరి వంతు వచ్చేసరికి పదకొండు కావస్తోంది. పొద్దున ఆరింటి నుంచి నిలబడే ఉందేమో, కుర్చీలో కూర్చోగానే ఒంట్లో సత్తువంతా కిందికి జారిపోయినట్టయింది. నర్సు వేలు గుచ్చి రక్తపు చుక్కను చిన్న మిషనుకు అందించింది. అంకెలు వెలిగాయి. అవి చూసి నర్సు ఇంకో వేలు గుచ్చింది. రెండోసారీ అటూ ఇటూగా అవే అంకెలు.

"మూడు వందల పద్దెనిమిది," అంది పక్కనున్న డాక్టరమ్మ, కాగితం మీద రాసుకుంటూ. "మీకు షుగర్ ఉందని తెలియదా?"

"మా అత్తమ్మకుంది మేడం. నాకు లేదు."

"మీకూ ఉన్నట్టే ఉంది. పెద్ద పరీక్ష చేయించుకోవాలి. దాహం ఎక్కువవుతోందా? నీరసంగా ఉంటోందా?"

నాగేశ్వరికి నవ్వొచ్చింది. ఆమెకు నలభై నాలుగేళ్లు. ఏడేళ్లుగా ఈ సుల్తాన్‌పూర్ కంపెనీలో సెలైన్ గొట్టాలను ఒక్కొక్కటే వెలుతురుకు ఎత్తి పట్టి, లోపల మరక ఉందేమో చూసి సంచిలో పెట్టే పని. అంతకుముందు సొంత పొలంలో పని. నీరసం లేని రోజు ఎలా ఉంటుందో ఆమెకు గుర్తులేదు. అందుకే ఏమని చెప్పాలో తోచక, "అందరికీ ఉన్నట్టే ఉంది మేడం," అంది.

డాక్టరమ్మ కాగితం చేతిలో పెట్టి, సంగారెడ్డి పెద్ద దవాఖానకు తప్పకుండా వెళ్లమంది. నాగేశ్వరి దాన్ని నాలుగు మడతలు పెట్టి టిఫిన్ సంచి అడుగున దోపింది. పక్క బల్ల దగ్గర పనిచేసే డెబోరా అది చూసింది. పటాన్‌చెరు నుంచి కంపెనీ బస్సులో వచ్చే పిల్ల. నాగేశ్వరి కన్నా పన్నెండేళ్లు చిన్నది. ఏదీ మనసులో దాచుకోలేదు, పక్కవాళ్లనూ దాచుకోనివ్వదు.

"ఇంట్ల చెప్పు అక్కా," అంది.

"ఎట్ల చెప్పాలె డెబోరా? నీకు మా ఇంటి సంగతి తెల్వదు."

ఇంటి సంగతి ఇదీ. తొమ్మిదేళ్ల కిందట నాగేశ్వరి అత్త నర్సింహమ్మ కాలికి పుండై, మానక, చివరికి ఎడమ కాలి బొటనవేలు తీసేశారు. ఆ రోజు డాక్టరు ఆమె కొడుకును, అంటే నాగేశ్వరి భర్త యాదగిరిని, పిలవలేదు. కోడలిని పిలిచి, "ఇకనుంచి ఈమె తిండి నీ చేతిలో ఉందమ్మా. చూసుకోకపోతే కాలు పోతుంది," అన్నాడు. ఆ మాట నాగేశ్వరి గుండెలో మేకులా దిగింది. ఇంటికి రాగానే చక్కెర డబ్బా, బెల్లం ముద్ద, కూతురు రుచిత కోసం తెచ్చిన బిస్కెట్లు, అన్నీ తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి నడుముకు దోపుకుంది.

అప్పటినుంచి ఆ ఇంట్లో రెండు వంటలు. అత్తకు గోధుమరవ్వ, ఉప్పూ నూనే తక్కువ వేసిన కూర. మిగతావాళ్లకు బియ్యం బువ్వ. పొద్దున నాలుగున్నరకు లేచి రెండూ వండిపెట్టి, ఐదున్నరకు బయటపడేది. ఇంత చేసినా మంచి పేరు రాలేదు. "నా కోడలు పెద్ద జైలరమ్మ. చాయ్‌లోకి చక్కెర పలుకులు కూడా లెక్కవెడ్తది," అని నర్సింహమ్మ వాడకట్టంతా చెప్పుకుంది. రుచిత పుట్టినరోజున ముసలామె కేకు ముక్క నోటి దాకా తీసుకెళ్తే, చుట్టాలందరి ముందూ నాగేశ్వరి దాన్ని ఆమె చేతిలోంచి లాగేసింది. ఆ తర్వాత పదకొండు రోజులు అత్త ఆమెతో మాట్లాడలేదు. పదకొండు రోజులూ రవ్వ మాత్రం తిన్నది.

ఇప్పుడు ఆ అత్త ముందుకు వెళ్లి, నాకూ అదే జబ్బు వచ్చిందని ఏ ముఖంతో చెప్పాలి?

నిజానికి నాగేశ్వరి తన తిండి గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. పొద్దున లేవగానే ఒళ్లు కూడదీసుకోవడానికి రెండు చెంచాల చక్కెర వేసిన చాయ్. బయలుదేరే ముందు మళ్లీ ఒకటి. ఎనిమిదింటికి కంపెనీ చాయ్, అది చాయ్ కాదు, పాకం. పదకొండున్నరకు క్యాంటీన్ బువ్వ. మూడింటికి ఇల్లు చేరితే గిన్నెలో అడుగూ బొడుగూ ఎంత మిగిలితే అంత. ఒక్కోసారి ఇద్దరు మనుషుల తిండి మిగిలేది, పారేయడానికి చేతులు రాక అదంతా తనే తినేది. పెరుగు లేకపోతే బువ్వలో పాలు పోసుకుని ఇంత చక్కెర చల్లుకునేది. అత్త పక్క గదిలో పడుకుని ఉన్నప్పుడు బీరువా చప్పుడు కాకుండా తీయడం ఆమెకు బాగా అలవాటయింది. అది తప్పని ఎన్నడూ అనిపించలేదు. జబ్బున్నది అత్తకు గదా.

వారం సెలవు రోజున ఆధార్ కార్డు పనుందని ఇంట్లో చెప్పి సంగారెడ్డి వెళ్లింది. రక్తం ఇచ్చి, సాయంత్రం దాకా కూర్చుని, కాగితం తీసుకుంది. మూడు నెలల సగటు చెప్పే పరీక్షలో పది పాయింట్ నాలుగు వచ్చింది. ఏడు లోపు ఉండాలట. డాక్టరు రెండు రకాల గోలీలు రాశాడు. "తీపి బంద్. అన్నం తగ్గించు. గోలీ వేసుకున్నాక మాత్రం టైముకు తినాలి," అన్నాడు. వెనక ఇంకా నలభై మంది నిలబడి ఉన్నారు. నాగేశ్వరి చెవికి మొదటి రెండు మాటలే ఎక్కాయి.

ఆమె ఏ పనీ సగం చేసే మనిషి కాదు. మర్నాటి నుంచే బువ్వ మానేసింది. తగ్గించడం కాదు, మానేయడమే. తనకోసం మూడో వంట చేసుకునే ఓపిక లేదు. అత్త గిన్నెలోంచి రవ్వ తీసుకుంటే అత్తకు చాలదు, పైగా తెలిసిపోతుంది. పొద్దున గోలీ వేసుకుని చక్కెర లేని చాయ్ తాగి బస్సెక్కేది. క్యాంటీన్‌లో కూర ఇంత, మజ్జిగ ఇంత. తల దిమ్ముగా ఉండేది. రుచిత ఏదైనా అడిగితే కసురుకునేది. యాదగిరి, "ఏమైందే నీకు, గట్ల చిడిచిడిలాడుతున్నవ్?" అంటే, "ఏం గాలే. పని ఎక్కువుంది," అనేది. ఆయన ఒక గోదాములో సెక్యూరిటీ సూపర్‌వైజరు. పని ఎక్కువుందంటే అంతకుమించి అడగడు.

ఆరో రోజు పదింటికి, గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నప్పుడు ఆ గొట్టం రెండుగా కనిపించింది. చేతులు వణికాయి. వేసుకున్న తెల్లకోటు లోపల చెమట ధారలు కట్టింది. చల్లగా ఉండే గదిలో ఇంత చెమటేంటని అనుకుంటూ ఉండగానే మోకాళ్లు మడతపడ్డాయి. కళ్లు తెరిచేసరికి తల డెబోరా ఒడిలో ఉంది. నోట్లో తియ్యగా ఏదో కరుగుతోంది.

"మింగు అక్కా. గ్లూకోజు. మింగు."

"వద్దు, నాకు షుగరు..."

"షుగర్ మొత్తం పడిపొయ్యింది నీకు. నర్సు మిషన్ల యాభై ఎనిమిది చూపిచ్చింది. మింగు ముందుగాల!"

ఆరు రోజులు నోట పెట్టని తీపి గొంతులోంచి దిగుతుంటే నాగేశ్వరి కళ్లలో నీళ్లు తిరిగాయి. పోయే ప్రాణం తిరిగి వచ్చినందుకు కాదు. ఇంత కష్టపడి చేసింది కూడా తప్పే అయినందుకు.

కంపెనీ వ్యాన్‌లో ఇంటి ముందు దింపారు. నర్సింహమ్మ గడప దగ్గర కూర్చుని తోటకూర తెంపుతోంది. వేళ కాని వేళ వచ్చిన కోడలిని, ఆమెను రెక్క పట్టుకుని దింపుతున్న డెబోరాను చూసింది. చెమటకు తడిసి ఆరిన ముఖం చూసింది. కూర పక్కన పెట్టింది.

"గోలీ ఏసుకొని తినలేదా?" అని అడిగింది.

నాగేశ్వరి బిత్తరపోయింది. "ఏం గోలీ?"

"నా తోని దొంగతనం చేస్తవా పిల్లా? నేను పదిహేనేండ్ల సంది చేస్తున్న." ముసలామె గోడ పట్టుకుని లేచింది. "నెలరోజుల సంది చూస్తున్న నిన్ను. చెంబులకు చెంబులు నీళ్లు తాగబడ్తివి. నాకూ మొదట్ల గట్లనే అయింది. మొన్నటి సంది దొంగచాటుగ గోలీలు మింగుడు కూడ చూసిన. అడుగుదామనుకున్న."

"మరి ఎందుకు అడగలే?"

"అడిగితే ఇంటవా? ఏ రోజన్న నా మాట ఇన్నవా నువ్వు?"

నాగేశ్వరి గడప మీదే కూలబడింది. డెబోరా జరిగింది జరిగినట్టు చెప్పి, జెర చూసుకోమ్మా అని వ్యానెక్కి వెళ్లిపోయింది. నర్సింహమ్మ లోపలికి వెళ్లి తన రవ్వ గిన్నె, ఇంత పప్పు తెచ్చి కోడలి ముందు పెట్టింది. తినేదాకా కదలలేదు. తిన్నాక చేయి చాచింది.

"ఇగ తాళంచెవి ఇటియ్యి."

"ఏంది?"

"బీరువా తాళంచెవి. తొమ్మిదేండ్లు నువ్వు ఉంచుకున్నవ్. ఇప్పుడు దొంగ చేతిల ఉంటే ఎట్ల?"

ముసలామె ముఖంలో గెలిచిన కళ లేకపోలేదు. నాగేశ్వరి నడుము నుంచి తాళంచెవి తీసి ఇచ్చింది. కోపం రాలేదు. భుజం మీద మోసుకొస్తున్న బరువును ఎవరో ఒక పక్కన పట్టినట్టు అనిపించింది, అంతే.

"నా మీద కోపం తీరిందా అత్తమ్మా?" అంది.

"తీరలే. ఆ కేకు ముక్క సచ్చేదాక యాదికుంటది." నర్సింహమ్మ మళ్లీ తోటకూర ముందుకు లాక్కుంది. తలెత్తకుండానే, "నువ్వు తాళం ఏస్తే నేను ఆగిననుకున్నవా? పక్కింటి ముత్యమ్మ దగ్గర బెల్లం తిన్న. కిరాణం కొట్ల బిస్కెట్లు తిన్న. మొన్న నీ పెట్టెల పుట్నాల లడ్డూలు కూడ నేనే తిన్న. నువ్వనుకున్నట్టు ఎలుకలు గాదు," అంది.

తొమ్మిదేళ్ల కాపలా! నాగేశ్వరికి తిట్టాలని ఉంది. కానీ నవ్వు మొదలై, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. నర్సింహమ్మ ఆపమనలేదు. కొంగు కూడా అందించలేదు. ఒక్కో ఆకూ తెంపుతూ, ఆ ఏడుపు అయిపోయేదాకా పక్కనే కూర్చుంది.

సాయంత్రం యాదగిరి వచ్చాక నాగేశ్వరి దవాఖాన కాగితం చాప మీద పరిచింది. ఆయన ఒకటికి రెండుసార్లు చదివి, "నాకెందుకు చెప్పలే?" అన్నాడు. ఆ తర్వాత, మంచి మనసుతోనే, "సరే. అమ్మకు చేస్తున్నవు గదా, నీకు కూడ గదే ఇంత ఎక్కువ వండుకో," అన్నాడు.

"నేను వండుకోను."

"అంటే?"

"రెండు వంటలు చేసి చేసి నా పాణం పొయ్యిందయ్యా. ఇగ ఈ ఇంట్ల ఒక్కటే వంట. మేం తినేదే మీరు తినుండ్రి. బువ్వ కావాలంటే నువ్వన్న వండు, నీ బిడ్డన్న వండుతది. నేనైతే వండ."

గొంతు పెంచి అనలేదు. గొంతు పెంచే ఓపిక కూడా ఆమెకు లేదు. బహుశా అందుకే యాదగిరి ఎదురు చెప్పలేకపోయాడు. డిగ్రీ చదువుతున్న రుచిత ఫోన్ పక్కన పెట్టి తల్లి వంక చూసింది. అమ్మ ఏదైనా వండనని అనడం ఆ పిల్ల పుట్టాక అదే మొదటిసారి.

"మరి ఏం తిందాం?" అంది.

"జొన్నరొట్టె," అంది నర్సింహమ్మ. "మా అమ్మగారింట్ల పండుగకే బువ్వ. మిగతా దినాలల్ల రొట్టెనే."

"రొట్టెలు ఎవరు కొడ్తరు? పొద్దున నాలుగున్నరకు నాతోని గాదు," అంది నాగేశ్వరి.

"నేను కొడ్త. నిలవడలేను గాని కూసొని కొడ్త. పొయ్యి కింద పెట్టిచ్చు."

ఆ ఆదివారం యాదగిరి గ్యాసు పొయ్యిని గట్టు మీద నుంచి దింపి, వంటింట్లో ఒక మూల నేల మీద బిగించాడు. నర్సింహమ్మ పీట వేసుకుని కాళ్లు చాపి కూర్చుంది. వేడినీళ్లు పోసి పిండి కలిపింది. చేతులకు ఆ పని యాది ఉంది కానీ మునుపటి బలం లేదు. మొదటి రొట్టె మూడు ముక్కలయింది. రెండోది మాడింది. మూడోది యాదగిరి నోట పెట్టుకుని, చాలాసేపు నమిలి, "కొంచెం బువ్వ ఉంటే బాగుండు," అన్నాడు. ఎవరూ లేవలేదు. ఆయనే లేచి బియ్యం కడిగాడు. కడిగినవాడికి కష్టం తెలిసిందేమో, మరుసటి వారం నుంచి రాత్రికి ఒక్క గరిటె బువ్వతో సరిపెట్టుకోవడం నేర్చుకున్నాడు.

అంతా సాఫీగా నడిచిందని కాదు. డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్తే, గోలీ వేసుకుని మాడినందుకు గట్టిగా కోప్పడ్డాడు. మానేయడం కాదమ్మా, మార్చుకోవడం, అని ఈసారి వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు. పొద్దున రొట్టె, కూర. పదకొండున్నరకు కప్పెడు అన్నం, దానికి రెండింతలు కూర. సాయంత్రం ఇంత నడక. అన్నీ చిన్న చిన్న పనులే. కానీ ఎనిమిది గంటలు నిలబడి వచ్చిన మనిషికి, చిన్న పని అనేది ఉండదు. నడక అంటే ఆమెకు కోపం వచ్చేది. కాళ్లే లేవనప్పుడు ఎక్కడి నడక? వారంలో మూడు రోజులు నడిచేది, నాలుగు రోజులు పడుకునేది.

ఒక రోజు మనిషి తక్కువై రెండు షిఫ్టులు చేయాల్సి వచ్చింది. తిరిగి వస్తుంటే కూడలిలో జిలేబీ వాసన తగిలింది. వద్దనుకుంటూనే బస్సు దిగింది. నిలబడి, వేడివేడిగా, వేళ్లకు పాకం కారుతుంటే తిన్నది. ఇల్లు చేరేసరికి నర్సింహమ్మ ఇంకా మేలుకునే ఉంది.

"ఎంత తిన్నవ్?" అంది, ముఖం చూడగానే.

"పావుకిలో."

"బోనాలప్పుడు నేను అర్ధకిలో తిన్న. పో, కాళ్లు కడుక్కొని పండుకో. రేపు పొద్దుగాల మళ్ల షురూ చెయ్యి."

నాగేశ్వరి పడుకుని ఆలోచించింది. తొమ్మిదేళ్లలో తను ఈ ఒక్క మాట అత్తతో ఎన్నడైనా అన్నదా? డబ్బా లాక్కోవడం తెలుసు, అరవడం తెలుసు. మళ్లీ మొదలుపెట్టు అనడం తెలియదు.

కంపెనీలో మిగిలిన చిక్కు చాయ్ ఒక్కటే. చక్కెరతో కలిపి మరగబెట్టిన చాయే పెద్ద డ్రమ్ములో వస్తుంది. చక్కెర లేనిది కావాలని అడిగితే క్యాంటీన్ చూసే ఒడిశా ఆయన చేతులు తిప్పాడు. "ఏక్ ఆద్మీ కే లియే అలగ్ నహీ బనేగా, దీదీ." ఒక్కరి కోసం వేరుగా కాయడం కుదరదట. నాగేశ్వరి సరే అని ఊరుకుంది. డెబోరా ఊరుకోలేదు. మధ్యాహ్నం విరామంలో ప్రతి బల్ల దగ్గరికీ వెళ్లి అడిగింది, ఎవరెవరికి షుగరుందని. మొదట ఎవరూ చెప్పలేదు. అప్పుడు నాగేశ్వరి తనే లేచి నిలబడింది.

"నాకుంది. మొన్న పడిపొయ్యింది నేనే గదా, అందరు చూసిండ్రు. సిగ్గేముంది?"

ఆ తర్వాత ఒక్కొక్క చేయీ లేచింది. ప్యాకింగ్ నుంచి ఆరుగురు. మౌల్డింగ్ సెక్షన్ మగవాళ్లలో నలుగురు తలలు దించుకునే చేతులెత్తారు. చిన్నరాములు అనే స్టోర్స్ మనిషి, నాలుగేళ్లుగా టిఫిన్ డబ్బాలో దాచి గోలీలు మింగుతున్నాడట. మిగతా సెక్షన్ల వాళ్లనూ కలుపుకుంటే మొత్తం పదిహేడు మంది. సోమవారం నుంచి డ్రమ్ము పక్కన ఒక చిన్న ఫ్లాస్కు వచ్చింది. ఆ చాయ్ ఏమంత బాగుండదు. పదిహేడు మందీ ముఖాలు ముడుచుకునే తాగుతారు.

మూడు నెలలు గడిచాక అత్తా కోడళ్లిద్దరూ కలిసి సంగారెడ్డి వెళ్లారు. పొద్దున ఏడింటికి లైన్‌లో కూర్చుంటే కాగితాలు చేతికి వచ్చేసరికి రెండయింది. నాగేశ్వరిది పది పాయింట్ నాలుగు నుంచి ఎనిమిది పాయింట్ ఆరుకు దిగింది. నర్సింహమ్మది తొమ్మిది నుంచి ఎనిమిదికి వచ్చింది. డాక్టరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, "పర్వాలేదు. ఇంకా తగ్గాలి," అన్నాడు. నాగేశ్వరి ఇంకేదైనా మంచి మాట అంటాడేమోనని ఒక క్షణం నిలబడింది. ఆయన అప్పటికే తర్వాతి పేరు పిలిచాడు.

బస్టాండుకు నడుస్తూ నర్సింహమ్మ రెండుచోట్ల ఆగింది. వేలు లేని కాలికి చెప్పు నిలవదు. మూడోచోట మూసి ఉన్న ఒక దుకాణం మెట్ల మీద కూర్చుండిపోయింది. నాగేశ్వరి కూడా పక్కన కూర్చుంది.

"ఇంత చేస్తే గింతేనా తగ్గింది?" అంది ముసలామె.

"గింతన్న తగ్గింది గదా అత్తమ్మా."

"ఇగ ఎన్ని దినాలే ఈ గోస?"

నాగేశ్వరికి ధైర్యం చెప్పే మాటలు కొన్ని తట్టాయి గానీ, అవి పైకి అనాలంటే కూడా కొంత సత్తువ కావాలి. "ఉన్నన్ని దినాలు," అంది.

నర్సింహమ్మ తలూపింది. ఆ జవాబు ఆమెకు నచ్చినట్టే ఉంది. కనీసం అబద్ధం కాదు. నాగేశ్వరి సంచిలోంచి ఉడికించిన పల్లికాయ పొట్లం తీసి ఇద్దరి మధ్యా పెట్టింది. కాయలు ఒలుచుకుని ఒక్కొక్కటే తింటూ రోడ్డు వంక చూస్తూ కూర్చున్నారు. తమ ఊరి మీదుగా వెళ్లే పటాన్‌చెరు బస్సు వచ్చి ఆగింది. గుమ్మం దాకా జనం వేలాడుతున్నారు. ఎక్కుదామా అన్నట్టు నాగేశ్వరి అత్త వైపు చూసింది. నర్సింహమ్మ కదలలేదు.

"పోనీ," అంది. "ఇంకొకటి వస్తది."

నాగేశ్వరి మళ్లీ పొట్లంలోకి చేయి పెట్టింది.